అమానత్ ఉన్న ల్యాప్‌టాప్: కెర్నెల్ అప్‌డేట్‌కు భయపడనక్కరలేదు

(మైనారిటీ హక్కుల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుండి మీరు చట్టాల గురించి, దరఖాస్తుల గురించి, కోర్టు వ్యవహారాల గురించి విన్నారు. నాకు అప్పగించిన అంశం చూసి కొందరు నవ్వుకున్నారని నాకు తెలుసు. "లైనక్స్ ల్యాప్‌టాప్‌లో కెర్నెల్ మార్చుకోవడం కూడా హక్కుల విషయమేనా?" అని భోజన సమయంలో ఒక పెద్దాయన అడిగారు. అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మన కమిటీల ల్యాప్‌టాప్‌లలో ఏమున్నాయో ఒకసారి తలచుకోండి. వక్ఫ్ ఆస్తుల ముంతఖబ్ ప్రతులు, నిజాం కాలపు ఉర్దూ దస్తావేజుల స్కాన్లు ఉన్నాయి. స్కాలర్‌షిప్పుల కోసం వచ్చిన పిల్లల ఆధార్ ప్రతులు, తల్లిదండ్రుల బ్యాంకు ఖాతాల వివరాలు ఉన్నాయి. కౌన్సెలింగుకు వచ్చిన ఆడపడుచులు గది తలుపు మూసి చెప్పుకున్న మాటలు ఉన్నాయి. దాడులకు గురైన కుటుంబాల వాంగ్మూలాలు ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటీ మన సొంతం కాదు. నమ్మి మన చేతిలో పెట్టిన అమానత్. ఆ యంత్రాన్ని బస్సులో మరచిపోయినా, ఇంట్లో దొంగలు పడి ఎత్తుకుపోయినా, మరమ్మతుకు ఇచ్చినచోట ఎవరైనా డిస్కు ఊడదీసి చూసినా, నష్టపోయేది మనకంటే ముందు ఆ కుటుంబాలే.

అందుకే మనలో చాలామంది లైనక్స్ వేసుకొనేటప్పుడు మొత్తం డిస్కుకు ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నాము. చాలా మంచి పని చేశాము. అయితే ఆ పని చేసినవారిలో సగంమంది ఆ తర్వాత కెర్నెల్‌ను ముట్టుకోవడం మానేశారు. "అప్‌డేట్ చేస్తే పాస్‌ఫ్రేజ్ పనిచేయదట, ఫైళ్ళన్నీ పోతాయట" అనే మాట ఒకరి నుండి ఒకరికి పాకింది. నిన్న ఒక జిల్లా కార్యదర్శి తన యంత్రాన్ని గర్వంగా చూపించారు. మూడేళ్ళుగా ఒక్క అప్‌డేట్ కూడా చేయలేదట. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, అది గర్వించదగిన విషయం కాదు.

ఎందుకో వివరిస్తాను. డిస్కు ఎన్‌క్రిప్షన్ రక్షణ ఇచ్చేది యంత్రం ఆపి ఉన్నప్పుడు మాత్రమే. మీరు పాస్‌ఫ్రేజ్ కొట్టి లోపలికి ప్రవేశించిన క్షణం నుండి డిస్కు తలుపు తెరిచే ఉంటుంది. అప్పుడు కాపలా కాసేది కెర్నెల్. ఏ ప్రోగ్రాము ఏ ఫైలును చదవవచ్చు, ఎవరు దేనిని మార్చవచ్చు అని నిర్ణయించేది అదే. ఆ కాపలాదారులోనే లోపం ఉంటే ఎంత గట్టి తాళమైనా ఉపయోగపడదు.

అటువంటి లోపాలు నిజంగానే బయటపడ్డాయి. 'డర్టీ కౌ' అనే లోపం 2007 నుండి కెర్నెల్‌లో దాగి ఉండి, 2016 అక్టోబరులో గాని సరిదిద్దబడలేదు. తొమ్మిదేళ్ళు! 2022 మార్చిలో 'డర్టీ పైప్' అనే మరొకటి వెల్లడైంది. దానిని మాక్స్ కెల్లర్‌మన్ అనే జర్మన్ ప్రోగ్రామరు కనుగొన్నారు. వెబ్‌సైట్ల లాగ్ ఫైళ్ళు పాడవుతున్నాయని ఒక కస్టమరు చేసిన ఫిర్యాదు నుండి మొదలుపెట్టి, నెలల తరబడి వెదికి, చివరికి కెర్నెల్ దాకా వెళ్ళారాయన. ఈ రెండు లోపాల స్వభావమూ ఒకటే. యంత్రంలో మామూలు వినియోగదారుగా ఏదో విధంగా అడుగుపెట్టినవాడు, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైళ్ళను మార్చి, సర్వాధికారి కాగలడు. రెండింటికీ విరుగుడు ఒక్కటే, కెర్నెల్ అప్‌డేట్. చేసుకున్నవారికి విరుగుడు అందింది, చేసుకోనివారికి అందలేదు.

ఇక్కడ ఒక కేసును ప్రస్తావించక తప్పదు. భీమా కోరేగావ్ కేసులో నిందితుడైన రోనా విల్సన్ కంప్యూటరులోకి దూరం నుండి ఫైళ్ళను చొప్పించారని, అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే ఫోరెన్సిక్ సంస్థ 2021లో తన నివేదికలో పేర్కొన్నది. మన తెలుగువారందరికీ తెలిసిన కవి వరవరరావు ఈమెయిల్ ఖాతాను ఉపయోగించి ఎవరో పంపిన జతపత్రాన్ని తెరవడంతో అది మొదలైందని ఆ నివేదిక చెబుతుంది. దర్యాప్తు సంస్థ ఈ వాదనను అంగీకరించలేదు. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానాలు. అది విండోస్ యంత్రం, కెర్నెల్ లోపంతో దానికి సంబంధం ఉందని నేను అనడం లేదు. నేను గమనించమనేది ఇంతే: తెరిచి ఉన్న యంత్రంలోకి ఎవరైనా వస్తే డిస్కు ఎన్‌క్రిప్షన్ ఆపలేదు. తెలియని జతపత్రాలు తెరవకపోవడం, ఎప్పటికప్పుడు అప్‌డేట్లు చేసుకోవడం, పని లేనప్పుడు యంత్రాన్ని పూర్తిగా ఆపివేయడం, ఇవన్నీ కలిస్తేనే రక్షణ. మూత మూసి సంచిలో పెట్టుకుంటే చాలదు. నిద్రావస్థలో ఉన్న ల్యాప్‌టాప్ మెమరీలో డిస్కు తాళంచెవి అలాగే ఉంటుంది. ప్రయాణానికి ముందు షట్‌డౌన్ చేయండి.

మరి భయం మాట ఏమిటి? భయం పూర్తిగా నిరాధారమైనదని నేను చెప్పను. నా అనుభవమే చెబుతాను.

వక్ఫ్ ట్రిబ్యునల్‌లో ఒక విచారణకు ముందురోజు రాత్రి. దస్తావేజులన్నీ కమిటీ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఎనిమిది నెలలుగా వాయిదా వేసిన అప్‌డేట్‌ను ఆ రాత్రే చేయాలని నాకు ఎందుకు బుద్ధి పుట్టిందో నాకే తెలియదు. వరుసలు వరుసలుగా అక్షరాలు పరుగెత్తాయి. మధ్యలో ఎక్కడో 'స్థలం లేదు' అని ఇంగ్లీషులో వచ్చింది. చదివాను, పట్టించుకోలేదు. రీస్టార్ట్ చేశాను. నల్లటి తెర, దాని మీద 'కెర్నెల్ పానిక్' అనే మాట. పాస్‌ఫ్రేజ్ అడగనైనా అడగలేదు! తాళం తప్పని చెబితే అదొక బాధ, అసలు తలుపే కనబడకపోతే?

రాత్రి 11 గంటలకు తెలిసిన ఒక మరమ్మతు దుకాణం ఆయనకు ఫోన్ చేశాను. "ఫార్మాట్ చేసి మళ్ళీ వేస్తే బాగవుతుంది, తెల్లవారి తీసుకురండి" అన్నారు. ఆయన చెడు ఉద్దేశంతో అనలేదు. కాని ఆ మాట విని ఉంటే మా దస్తావేజులు శాశ్వతంగా పోయేవి. ఎందుకన్నది కాసేపట్లో చెబుతాను. అదృష్టవశాత్తు మా మేనల్లుడి స్నేహితుడు, ఇంజనీరింగ్ చదివే కుర్రవాడు, ఫజర్ తర్వాత ఇంటికి వచ్చాడు. పవర్ బటన్ నొక్కి, వెంటనే ఎస్కేప్ మీటను తట్టాడు. గ్రబ్ అనే పట్టిక తెరుచుకుంది. 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' అనే వరుసలోకి వెళ్ళి, కింద ఉన్న పాత కెర్నెల్‌ను ఎంచుకున్నాడు. పాస్‌ఫ్రేజ్ అడిగింది. కొట్టాను. అన్నీ యథాతథంగా ఉన్నాయి. మొత్తం నాలుగు నిమిషాల పని. నేను రాత్రంతా ఎందుకు ఏడ్చినట్టు?

ఆ కుర్రవాడు తర్వాత కూర్చోబెట్టి వివరించినది మీకు చెబుతాను, ఎందుకంటే భయం పోవడానికి మందు అదే.

మొత్తం డిస్కు అని అంటామే గాని, ఉబుంటు, డెబియన్ వంటివాటిలో మామూలుగా వేసుకున్నప్పుడు నిజానికి మొత్తం డిస్కుకు తాళం ఉండదు. ముందువైపు చిన్న భాగాలు రెండు తెరిచే ఉంటాయి. వాటిలో ఒకదాని పేరు 'బూట్'. కెర్నెల్ ఉండేది అందులోనే. దానితోపాటు 'ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' అనే ఒక మూట ఉంటుంది. అది ఇంటి ముందు అరుగు వంటిది. యంత్రం లేవగానే గ్రబ్ ముందుగా కెర్నెల్‌నూ ఈ మూటనూ మెమరీలోకి తెస్తుంది. పాస్‌ఫ్రేజ్ అడిగేది, తాళం తీసే 'క్రిప్ట్‌సెటప్' అనే పనిముట్టును నడిపేది ఆ మూటే. తాళం తెరుచుకున్న తర్వాతనే అసలు ఇల్లు, అంటే మీ ఫైళ్ళున్న పెద్ద భాగం, కనిపిస్తుంది.

కెర్నెల్ అప్‌డేట్ చేసినప్పుడు జరిగేది కొత్త కెర్నెల్‌ను బూట్ భాగంలో పెట్టడం, దానికి తగిన కొత్త మూట కట్టడం, గ్రబ్ పట్టికలో కొత్త పేరు చేర్చడం. కెర్నెల్‌కు అవసరమైన మాడ్యూళ్ళు కొన్ని లోపలి భాగంలోకి వెళతాయి, అవి మామూలు ఫైళ్ళ వంటివే. మీ పాస్‌ఫ్రేజ్‌ను గాని, డిస్కు తాళాన్ని గాని ఆ ప్రక్రియ ముట్టుకోదు. నా యంత్రంలో జరిగింది ఏమిటంటే, బూట్ భాగం పాత కెర్నెళ్ళతో నిండిపోయింది. పాత ఇన్‌స్టాలర్లు దానికి 500 మెగాబైట్ల చుట్టూ మాత్రమే కేటాయించేవి. ఒక్కొక్క మూట పదుల మెగాబైట్లు, కొన్ని యంత్రాలలో 100 దాటుతుంది. కొత్త కెర్నెల్‌కు చోటు దొరికింది, కొత్త మూటకు దొరకలేదు. అరుగు లేని ఇంటికి అతిథిని పంపినట్టయింది. ఇల్లు మాత్రం భద్రంగానే ఉంది.

కాబట్టి మొదట చేయవలసిన పని స్థలం చూసుకోవడం. ఆజ్ఞల అక్షరాలు మీకు పంచిన కాగితంలో ఉన్నాయి, నేను నోటితో చెబుతాను. 'డీఎఫ్ హైఫన్ హెచ్ స్లాష్ బూట్' అని కొడితే ఆ భాగంలో ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. 'యూనేమ్ హైఫన్ ఆర్' అంటే ఇప్పుడు ఏ కెర్నెల్ మీద నడుస్తున్నారో చూపుతుంది. ఖాళీ తక్కువగా ఉంటే 'సుడో ఆప్ట్ ఆటోరిమూవ్' చేయండి. అది నడుస్తున్న కెర్నెల్‌ను ఉంచి, అవసరం తీరిన పాతవాటిని తీసివేస్తుంది. బూట్ ఫోల్డరులోకి పోయి ఫైళ్ళను చేత్తో చెరిపివేసే సాహసం మాత్రం చేయవద్దు. ఫెడోరా వాడేవారికి ఈ బాధ తక్కువ, అది మామూలుగా మూడు కెర్నెళ్ళను మాత్రమే నిలువ ఉంచుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. దయచేసి కాస్త శ్రద్ధగా వినండి.

లైనక్స్‌లో డిస్కు తాళానికి వాడే పద్ధతి పేరు లక్స్. మీ పాస్‌ఫ్రేజ్ నేరుగా ఫైళ్ళకు తాళం వేయదు. అసలు తాళంచెవి యంత్రమే తయారుచేసుకున్న ఒక పొడవైన సంఖ్య. దానిని తాళం వేసిన భాగం మొదట్లో, హెడ్డరు అనే కొద్దిపాటి చోట దాస్తారు. ఆ దాచిన చెవిని బయటికి తీయడానికే మీ పాస్‌ఫ్రేజ్. పాత లక్స్‌లో ఇటువంటి పాస్‌ఫ్రేజ్‌లు ఎనిమిది వరకు పెట్టుకోవచ్చు, ఇప్పటి లక్స్ 2లో 32 వరకు. ఏ ఒక్కటి సరిపోయినా తలుపు తెరుచుకుంటుంది.

దీని నుండి రెండు విషయాలు తేలుతున్నాయి. ఆ హెడ్డరు చెడిపోతే మీకు పాస్‌ఫ్రేజ్ కంఠతా వచ్చినా లాభం లేదు. దుకాణం ఆయన ఫార్మాట్ చేసి మళ్ళీ వేస్తే పోయేది ముందుగా ఆ హెడ్డరే. తయారీదారు తీయలేడు, పోలీసులు తీయలేరు, మీరూ తీయలేరు. అందుకే కెర్నెల్‌ను మార్చే ముందు 'క్రిప్ట్‌సెటప్ లక్స్‌హెడ్డర్‌బ్యాకప్' అనే ఆజ్ఞతో హెడ్డరు ప్రతిని తీసి పెన్‌డ్రైవులో దాచండి. అప్‌డేట్ వల్ల హెడ్డరు చెడుతుందని కాదు, ఆ పని చేస్తుండగా మనిషి చెడగొట్టే అవకాశం ఉందని. ఒకరు ఈ ప్రతిని అదే ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ మీద భద్రపరచారు. బీరువా తాళంచెవిని బీరువాలో పెట్టి తాళం వేసినట్టు! ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. రేపు మీరు పాస్‌ఫ్రేజ్ మార్చుకున్నా, పాత హెడ్డరు ప్రతి పాత పాస్‌ఫ్రేజ్‌తో తెరుచుకుంటూనే ఉంటుంది. పాస్‌ఫ్రేజ్ ఎవరికైనా తెలిసిపోయిందని మార్చినప్పుడు, పాత ప్రతిని నాశనం చేసి కొత్తది తీసుకోవాలి.

రెండో విషయం మన కమిటీల పద్ధతికి సంబంధించినది. చాలా చోట్ల పాస్‌ఫ్రేజ్ ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ ఆసుపత్రి పాలైతే? ఉద్యోగం దొరికి గల్ఫ్‌కు వెళ్ళిపోతే? అల్లాహ్ దయవల్ల అటువంటిది జరగకూడదు గాని, మరణిస్తే? 'లక్స్‌యాడ్‌కీ' ఆజ్ఞతో రెండో పాస్‌ఫ్రేజ్ పెట్టి, కాగితం మీద రాసి, కవరులో సీలు చేసి, కమిటీ నమ్మిన మరొకరి వద్ద ఉంచండి. ఎవరి వద్ద ఉండాలో సమావేశంలో నిర్ణయించి మినిట్స్‌లో రాయండి, పాస్‌ఫ్రేజ్‌ను మాత్రం రాయకండి. దీనికి కొందరు అభ్యంతరం చెబుతారు, ఇద్దరికి తెలిస్తే రహస్యం ఎలా అవుతుందని. వారి మాటలో నిజం లేకపోలేదు. అయినా మన దగ్గర కాగితాలు ఇచ్చిన కుటుంబాల వైపు నుండి చూస్తే, ఒక్కడి జ్ఞాపకశక్తి మీద అంత బరువు వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పాస్‌ఫ్రేజ్ గురించి మరొక చిన్న మాట. మనలో కొందరు ఉర్దూ కీబోర్డు, కొందరు తెలుగు కీబోర్డు పెట్టుకొని పనిచేస్తాము. యంత్రం లేచేటప్పుడు పాస్‌ఫ్రేజ్ అడిగే దశలో కీబోర్డు మామూలు ఇంగ్లీషు అమరికలో ఉండవచ్చు. మీరు ఏ అమరికలో పాస్‌ఫ్రేజ్ పెట్టారో అది అక్కడ లేకపోతే సరైనదే కొట్టినా తప్పంటుంది. అందుచేత ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, పొడవైన నాలుగైదు పదాల వాక్యం పెట్టుకోవడం మేలు. కాప్స్‌లాక్ సంగతి వేరే చెప్పనక్కరలేదు, నాకు రెండుసార్లు అనుభవమే.

ఫైళ్ళ ప్రతి ఒకటి వేరే ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉండాలి, దానికీ తాళం ఉండాలి. ల్యాప్‌టాప్‌కు తాళం వేసి, బ్యాకప్‌ను తాళం లేని పెన్‌డ్రైవులో జేబులో వేసుకు తిరగడం మనం చూస్తూనే ఉన్నాము.

ఇవన్నీ సిద్ధమైన తర్వాత, ఛార్జరు పెట్టి, తీరిక ఉన్న రోజున అప్‌డేట్ మొదలుపెట్టండి. విచారణకు ముందురోజు మాత్రం కాదు. 'ఆప్ట్ అప్‌డేట్', ఆ తర్వాత 'ఆప్ట్ ఫుల్‌అప్‌గ్రేడ్'. ముగిసిన వెంటనే రీస్టార్ట్ నొక్కకండి. చివరి 20 వరుసలు చదవండి. 'ఎర్రర్' అని గాని, 'నో స్పేస్' అని గాని కనబడితే అక్కడే ఆగండి. యంత్రం ఇంకా నడుస్తున్నది, తలుపు ఇంకా తెరిచి ఉంది, సరిదిద్దుకోవడానికి అంతకంటే మంచి సమయం లేదు. స్థలం చేసి, 'అప్‌డేట్‌ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' ఆజ్ఞతో మూటను మళ్ళీ కట్టించవచ్చు. అందులో క్రిప్ట్‌సెటప్ చేరిందో లేదో 'ఎల్ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్'తో చూడవచ్చు. అది చేరకపోతే యంత్రం లేచినా తాళం తీసే పనిముట్టు లేక, 'ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' అని బ్రాకెట్లలో చూపి నిలిచిపోతుంది. అప్పుడు కూడా పాత కెర్నెల్‌తో లోపలికి పోయి సరిచేయవచ్చు. కొత్తది రెండు మూడు రోజులు బాగా నడిచిందని తెలిసేవరకు పాత కెర్నెల్‌ను తీసివేయకండి.

బూట్ భాగం తెరిచే ఉంటుందని చెప్పాను గదా. దానివల్ల ఒక చిక్కు ఉంది. మీ యంత్రం కొన్ని గంటలు పరాయి చేతుల్లో ఉంటే, ఫైళ్ళను చదవలేకపోయినా, ఆ అరుగు మీద ఏదైనా మార్చి మీరు కొట్టే పాస్‌ఫ్రేజ్‌ను పట్టుకోవడం సాధ్యమే. అటువంటి యంత్రం తిరిగి వచ్చినప్పుడు వెంటనే పాస్‌ఫ్రేజ్ కొట్టకుండా, తెలిసినవారికి చూపించండి.

చట్టం మాట కూడా అడుగుతున్నారు. డిస్కుకు తాళం వేసుకోవడం నేరం కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తీర్పు ఇచ్చింది. మరోవైపు, సమాచార సాంకేతిక చట్టం 69వ సెక్షన్ కింద, దేశ భద్రత వంటి నిర్దిష్ట కారణాలపై సమాచారాన్ని విప్పి ఇవ్వమని ఆదేశించే అధికారం ప్రభుత్వాలకు ఉంది. సహకరించకపోతే ఏడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. అటువంటి ఆదేశం వస్తే సొంత తెలివి ఉపయోగించకుండా న్యాయవాదిని పిలవండి. ఉదయం మాట్లాడిన వకీలు సాహెబ్ ఇక్కడే ఉన్నారు, ఈ ప్రశ్నలు ఆయననే అడగడం మంచిది.

భోజన సమయంలో నన్ను ప్రశ్నించిన పెద్దాయన ముందు వరుసలోనే కూర్చున్నారు. ఇంతకుముందే తన సంచిలో నుండి ల్యాప్‌టాప్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. టీ విరామంలో మొదట ఆయన యంత్రంలో బూట్ ఖాళీ ఎంతుందో చూద్దాం. మిగతావారు ఒక ఖాళీ పెన్‌డ్రైవు సిద్ధంగా ఉంచుకోండి, హెడ్డరు ప్రతులు ఇక్కడే తీసుకుందాం. కెర్నెల్ మాత్రం ఇంటికి పోయి, తీరికగా ఒక ఆదివారం మార్చుకోండి.